టెక్ సందేహాలు: వీధి సమస్యకు బ్లాగు పనికొస్తుందా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి. మా సందు మొదట్లో మురుగు కాలువ మీద బండ పగిలి మూడు నెలలైంది. అర్జీ ఇచ్చాం, రసీదు ఉంది. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెడితే అందరూ దండం బొమ్మలు పెడతారు, సాయంత్రానికల్లా అది ఎక్కడుందో వెతుక్కోవాలి. బ్లాగు పెడితే ఉపయోగం ఉంటుందా? డబ్బులు కట్టాలా?

తప్పకుండా పెట్టండమ్మా. పైసా అక్కర్లేదు. జీమెయిల్ ఉంటే చాలు, బ్లాగర్‌లో పది నిమిషాల పని. 1999లో వచ్చిన సర్వీసు అది, 2003లో గూగుల్ కొనుక్కుంది. పాతదే, హంగులు తక్కువే, కానీ మీ పనికి అంతకంటే అవసరం లేదు.

గ్రూపులో పెట్టింది ఆ గ్రూపులో ఉన్నవాళ్లకే. మా వీధిదీపం గురించి రెండేళ్ల కిందట నేను పెట్టిన ఫోటో, ఫోన్ మార్చాక నాకే దొరకలేదు. బ్లాగు పోస్టుకైతే తేదీ ఉంటుంది, మారని లింకు ఉంటుంది, కొత్తగా వచ్చిన అధికారికైనా, విలేకరికైనా, వార్డు సభలోనైనా అదే లింకు చూపించొచ్చు. మన దగ్గర చాలా అర్జీలు ఆగిపోయేది ఎవరో అడ్డుపడి కాదు, అడిగేవాళ్లు మూడోసారి వెళ్లేసరికి మొదటి రెండుసార్లు ఏం జరిగిందో చెప్పే కాగితం ఎవరి దగ్గరా లేక.

అందుకని ఒక సమస్యకు ఒకే పోస్టు పెట్టండి. పగులు పక్కన పిల్లల స్కేలు పెట్టి దగ్గరగా ఒక ఫోటో తీయండి, ఎన్ని అంగుళాలో అందులోనే తెలిసిపోవాలి. సందు మొత్తం కనిపించేలా దూరం నుంచి ఇంకొకటి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో ఎప్పుడు, ఎక్కడ తీశారన్న వివరాలు పోతాయి, సైజు కూడా తగ్గిపోతుంది, కాబట్టి పక్కింటివాళ్లు తీసినవైతే డాక్యుమెంట్‌గా పంపమని అడగండి. ఫోటో కింద అర్జీ నంబరు, ఇచ్చిన తేదీ రాయండి. మళ్లీ వెళ్లిన ప్రతిసారీ అదే పోస్టులో తేదీ వేసి ఇంకో వరుస చేర్చండి. రసీదు స్కాన్ పెట్టేటప్పుడు మీ ఫోన్ నంబరు, ఆధార్ నంబరు కనపడకుండా నల్లగా కొట్టేయడం మాత్రం మర్చిపోవద్దు.

ఇంకో మాట. ఊరికే ‘పట్టించుకోవడం లేదు’ అని రాస్తే బలం ఉండదు. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజు కట్టి, మీ వార్డులో కాలువల మరమ్మతుకు ఏ పనులు మంజూరయ్యాయో, ఎంత బిల్లు చెల్లించారో నకళ్లు అడగండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అది వచ్చాక స్కాన్ ఒక్కటే పెట్టకుండా అందులోని అంకెలు టైపు చేసి కూడా పెట్టండి. ప్రభుత్వ సైటులో ఏదైనా పేజీ చూపించాల్సి వస్తే ముందు దాన్ని వేబ్యాక్ మెషిన్‌లో (వెబ్ పేజీల నకళ్లు దాచిపెట్టే సైటు) సేవ్ చేయండి, ఎందుకంటే ఆ సైట్లు మారినప్పుడల్లా పాత లింకులు తెగిపోతుంటాయి.

ప్రశ్న: చిత్తూరులో రిటైరైన టీచర్‌ని. మా చెరువు కాలువల ఆక్రమణల మీద అను ఫాంట్లలో టైపు చేసుకున్న నోట్సు చాలా ఉంది. బ్లాగులో పేస్టు చేస్తే ఇంగ్లిషు అక్షరాలు, పిచ్చి గుర్తులు వస్తున్నాయి.

మీ నోట్సు చెడిపోలేదు సార్. ఆ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చుకున్నాయి, ఫాంటు లేని చోట అసలు సంగతి బయటపడుతుంది. దాన్ని యూనికోడ్‌లోకి, అంటే ప్రత్యేక ఫాంటు లేకపోయినా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి, మార్చే ఉచిత కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. మార్చాక వత్తులు, సున్నలు ఒకసారి కళ్లారా చూసుకోండి, తప్పులు ఎక్కువగా అక్కడే వస్తాయి. పేజీని ఫోటో తీసి పెట్టేస్తే సరిపోతుందని మాత్రం అనుకోవద్దు. యూనికోడ్‌లో ఉంటేనే రేపు ఎవరైనా మీ చెరువు పేరు తెలుగులో కొడితే గూగుల్‌లో మీ పోస్టు దొరికే అవకాశం ఉంటుంది, చూపు లేనివాళ్లకు ఫోన్ దాన్ని చదివి వినిపిస్తుంది. పోస్టుకు తగిలించే లేబుళ్లలో (వెతుక్కోవడానికి పెట్టే గుర్తు మాటలు) ఊరు, మండలం, జిల్లా రాయండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిగా ఏర్పడింది కాబట్టి శ్రీకాళహస్తి వైపు చెరువులైతే పాత జిల్లా పేరు, కొత్తది రెండూ పెట్టండి, పాత రికార్డులన్నీ చిత్తూరు పేరు మీదే ఉంటాయి.

ప్రశ్న: ఇలా రాస్తే కేసు పెడతారేమోనని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

ఆ భయం ఊరికే రాలేదు. పోస్టులు పెట్టినందుకు జనాన్ని అరెస్టు చేయడానికి వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. పరువునష్టం మాత్రం ఇప్పటికీ నేరమే, భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. నిజాన్ని ప్రజల మంచి కోసం చెప్పడానికి అందులోనే మినహాయింపు ఉంది, అయితే అది నిజమని చూపించే కాగితం మీ దగ్గర ఉండాలి. ‘ఫలానా ఆయన డబ్బు తినేశాడు’ అని రాయకండి. ‘ఈ తేదీన బిల్లు చెల్లించినట్టు రికార్డులో ఉంది, ఈ తేదీన బండ ఇలా ఉంది’ అని రెండూ పక్కపక్కన పెట్టండి. పొరపాటు దొర్లితే గుట్టుగా తీసేయకుండా, సరిదిద్దామని తేదీతో సహా రాయండి. బండ వేసిన రోజు ఆ ఫోటో కూడా అదే పోస్టులో, అన్నిటికంటే పైన పెట్టండి.