మనసులో మాట రాస్తే ఉద్యోగం పోతుందా?

డల్లాస్ వచ్చి ఎనిమిది నెలలైన ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, అమెరికా అంటేనే వాక్‌స్వాతంత్ర్యం కదా. మరి ఆఫీసు గురించో రాజకీయాల గురించో ఫేస్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాస్తానంటే అందరూ వద్దంటారేంటి?"

తమ్ముడూ, నేను వద్దనను. కానీ ఆ హక్కు ఎవరి ముందు చెల్లుతుందో, ఎవరి ముందు చెల్లదో తెలుసుకుని రాయి. వాక్‌స్వాతంత్ర్యం ఇచ్చిన 1791 నాటి అమెరికా రాజ్యాంగ మొదటి సవరణ ప్రభుత్వం చేతులు కడుతుంది, నీ కంపెనీ చేతులు కట్టదు. ఇక్కడ దాదాపు అన్ని రాష్ట్రాల్లో ప్రైవేటు ఉద్యోగం 'ఎట్ విల్' కింద నడుస్తుంది. చట్టం కాదన్న కారణం కాకపోతే చాలు, కారణం చెప్పకుండా కూడా పంపేయొచ్చు. కాలిఫోర్నియాలో ఉద్యోగి రాజకీయాల్లో యజమాని వేలు పెట్టకూడదని లేబర్ కోడ్‌లో ఉంది. మన టెక్సస్‌లో అలాంటి రక్షణ లేదు.

2018లో నా టీములో ఒక గుంటూరు అబ్బాయి ఉండేవాడు. శనివారం రాత్రి రెండింటికి ప్రొడక్షన్ రిలీజ్ (కొత్త సాఫ్ట్‌వేర్‌ని వాడకంలోకి ఎక్కించే పని) ముగించుకుని, ఆ చిరాకులో క్లయింటు పేరు పెట్టి, వీళ్ల సిస్టమ్ ఏరోజుకారోజు ఎలా నిలబడుతుందో దేవుడికే తెలియాలని పోస్టు పెట్టాడు. తెలుగులోనే రాశాడు, వీళ్లకేం అర్థమవుతుందిలే అనుకున్నాడు. కింద అనువాదం బటన్ ఉంటుందని ఆ నిద్రమత్తులో తట్టలేదు. సోమవారం పదింటికి మీటింగ్ రూములోకి పిలిచారు. పది నిమిషాల్లో బయటికొచ్చాడు, మెడలో బ్యాడ్జీ లేదు. డెస్కు మీదున్న పాప ఫొటో, స్టీలు టిఫిన్ డబ్బా అట్టపెట్టెలో సర్ది చేతికిచ్చారు. నేనే కారులో ఇంటికి తీసుకెళ్లాను. అపార్ట్‌మెంట్ ముందు ఆపితే, పెట్టె ఒళ్లో పెట్టుకుని అరగంటసేపు దిగలేదు. "ఇంట్లో ఏం చెప్పనన్నా?" అన్నాడంతే. ఉద్యోగం పోయిన హెచ్1బీ (కంపెనీ తరఫున వచ్చే ఉద్యోగ వీసా) వాళ్లకి ఇక్కడ ఉండడానికి మహా అయితే 60 రోజుల గడువు. 52వ రోజున ఇంకో కంపెనీ అతని వీసా కోసం పిటిషన్ వేసింది కాబట్టి నిలబడ్డాడు. అలసిపోయిన మనిషి నోట వచ్చిన మాటకి అంత శిక్షా అని నాకు ఇప్పటికీ బాధే.

అలాగని నోరు కుట్టేసుకోమనడం లేదు. జీతం, పనిగంటల గురించి తోటి ఉద్యోగులతో మాట్లాడుకునే హక్కు 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం ఇచ్చింది. మేనేజర్లకి వర్తించదు గానీ మామూలు ఉద్యోగులకి ఉంది. "నీ రేటు ఎవరికీ చెప్పకు" అని కన్సల్టెన్సీ వాళ్లు కొత్తవాళ్లని బెదిరిస్తుంటారు, లొంగకు. కాకపోతే ఒక్కడివే కూర్చుని తిట్టుకోవడం వేరు, నలుగురితో కలిసి అడగడం వేరు. చట్టం అండ రెండోదానికే. క్లయింటు రహస్యాలు మాత్రం ఎక్కడా పెట్టకు.

ఇక వీసా సంగతి. వీసా దరఖాస్తుకి నింపే డీఎస్-160 ఫారంలో గత 5 ఏళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు 2019 నుంచీ అడుగుతున్నారు. 2025 జూన్‌లో విద్యార్థి వీసాలకి, డిసెంబర్ 15 నుంచి హెచ్1బీ వాళ్లకి, హెచ్4 మీద వచ్చే వాళ్ల భార్యాభర్తలకి, పిల్లలకి ఖాతాలు పబ్లిక్‌లో పెట్టమన్నారు. ఆ డిసెంబర్‌లో ఇండియాలో స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వీసా వేయించుకోవడం) అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వాయిదా పడి, సెలవు పెట్టి వెళ్లిన ఎంతోమంది అక్కడే ఉండిపోయారు. ఖాతా దాచి ఫారం నింపకు. పోస్టు కంటే అబద్ధమే పెద్ద ముప్పు తెస్తుంది. ప్రయాణానికి ముందు ఏదైనా అనుమానంగా ఉంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడుగు, వాట్సాప్ గ్రూపుని కాదు.

ఊరి రాజకీయాలు అంతకంటే సున్నితం. ఇక్కడి గడ్డ మీద కూర్చుని రాస్తే అక్కడి కేసు అంటదనుకోకు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తుల మీద పెట్టిన పోస్టుల కేసు 2020లో సీబీఐ దాకా వెళ్లింది, నిందితుల్లో విదేశాల్లో ఉన్నవాళ్లూ ఉన్నారు. నాయకుడి నిర్ణయాన్ని ఉతికి ఆరెయ్, నేనూ ఆ పని చేస్తాను. అతని ఇంటి ఆడవాళ్ల మీద, కులం మీద వచ్చిన ఫార్వర్డు మాత్రం ముందుకు పంపకు. అమ్మానాన్నా ఆ ఊళ్లోనే ఉన్నారు, పోలీసులు వస్తే తట్టేది వాళ్ల తలుపే.

అమెరికా ఎన్నికల అభ్యర్థులకి చందా మాత్రం గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఇవ్వకూడదు, చట్టవిరుద్ధం. జీతం తీసుకోకుండా వాలంటీరుగా తిరగొచ్చు.

నీ పేరుతో నీ మాట చెప్పాలని ఉందా? టెక్సస్‌లో సిటీ కౌన్సిల్ (నగర పాలక మండలి) సమావేశపు ఎజెండాలో ఉన్న ఏ అంశం మీదైనా మాట్లాడే హక్కు ప్రజలకి 2019 చట్టంతో వచ్చింది. మా పిల్లల స్కూలు దగ్గర క్రాసింగ్ కోసం నేను మొదటిసారి మైకు ముందు నిలబడినప్పుడు కాగితం వణికింది, కానీ పూర్తిగా చదివాను. మీ అపార్ట్‌మెంట్ ముందు వీధిదీపాలు లేవని మొన్న అన్నావుగా. ఆ అంశం ఎజెండాలోకి రాగానే చెప్పు, నేనూ వచ్చి నీ పక్కన కూర్చుంటాను.