నైరూప్య చిత్రంలోని కుంచె జాడలకు ఎలా స్పందించాలి?

బొమ్మంటూ ఏదీ లేని చిత్రాన్ని చూపించి, అందులోని గరుకుదనం గురించి, గీతల గురించి స్పందన రాయమంటే ఏం రాయాలని మీరు అడిగారు. అది దేన్ని పోలి ఉందో వెతకడం పక్కనపెట్టి, ఆ రంగు కాన్వాసు మీదికి ఏ పనిముట్టుతో, ఎంత ఒత్తిడితో, ఏ వరసలో వచ్చిందో చూడమని నా సలహా.

విజయవాడ గవర్నర్‌పేటలో చాలాకాలం దుకాణాల బోర్డులు రాశాను కనుక ఈ చూపు నాకు వృత్తి నుంచి అబ్బింది. (ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని ఏమైందన్నది వేరే కథ.) ఎనామిల్ పెయింటులో ముంచిన కుంచె రేకు మీద ఆనిన చోట రంగు దళసరిగా నిలుస్తుంది, లాగేకొద్దీ పలచబడుతుంది, చివరికి వెంట్రుకల చారలు విడివిడిగా తేలతాయి, వాటిని బట్టి గీత ఎటు నుంచి ఎటు పోయిందో, చెయ్యి ఎక్కడ తొందరపడిందో చెప్పవచ్చు.

ఆమధ్య ఊళ్లో జరిగిన ఒక ప్రదర్శనలో పెద్ద నైరూప్య చిత్రం ఒకదాన్ని దాదాపు గోడకు ఆనుకుని, పక్క నుంచి చూశాను. ఎదురుగా నిలబడితే ఒకటే ఎర్రటి మచ్చగా ఉన్నది, పక్క వెలుతురులో పాలెట్ నైఫ్ (రంగు కలపడానికీ, పూయడానికీ వాడే పలచటి కత్తి) లేపిన గట్లుగానూ, గీకిన చోట అడుగు నీలం బయటపడ్డ పల్లాలుగానూ విడిపోయింది. నీలం ఎరుపులో కలవలేదంటే అది ముందే ఆరి ఉండాలి. గీకిన ఎరుపు అంచున మెత్తగా పేరుకుందంటే అది ఇంకా తడిగా ఉండాలి. పూసినదాన్ని ఆరనివ్వకుండానే తీసేయబోయిన ఆ చేతి ఆత్రమే నన్ను కలవరపెట్టింది.

అయితే వేగంగా కనిపించేదంతా వేగంగా వేసిందని నమ్మకూడదు. 1950లో ‘చీఫ్’ అనే నైరూప్య చిత్రం వేసిన అమెరికన్ చిత్రకారుడు ఫ్రాంజ్ క్లైన్ ఇళ్లకు రంగులేసే వెడల్పాటి కుంచెలు వాడేవారు. ఆయన నల్లటి గీతలు ఒక్క విసురులో పడ్డట్టుంటాయి. నిజానికి ఆయన టెలిఫోన్ డైరెక్టరీ కాగితాల మీద చిన్న చిత్తు బొమ్మలు వేసుకుని, వాటి ఆధారంగా పెద్ద కాన్వాసులు వేసేవారు. తెలుపును కూడా ఖాళీ జాగాగా వదిలేయక, నలుపు అంచుల మీదికి పూసేవారు. మరో చిత్రకారుడు విల్లెం డి కూనింగ్ అదే ఏడాది ముగించిన ‘ఎక్స్‌కవేషన్’ చిత్రంలోనైతే నెలల తరబడి పూసి, గీకి, మళ్లీ పూసిన పొరలున్నాయి.

కాబట్టి “ఆవేశం కనిపించింది” అని ఊరుకోకుండా, ఏ మూలన ఏ గీతలో అలా అనిపించిందో ముందు రాసి, ఆ తర్వాతే మీకు తోచిన భావం చెప్పండి. ఫోన్‌లో ఫొటో చూసి మాత్రం రంగు మందం గురించి రాయవద్దు, ఎదురు వెలుతురులో తీసిన ఫొటోలో గట్ల నీడలు పడవు.