ఆ లెక్క మీ ఒక్కరికే తెలుసు

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. 18 ఏళ్లుగా సిగార్లు సేకరిస్తున్నాను. నెలకు రెండో మూడో కాలుస్తాను, మిగతావి దాచుకుంటాను. సుమారు 200 ఉంటాయి. హ్యూమిడార్‌లో, అంటే సిగార్లు ఎండకుండా తేమ నిలిపే పెట్టెలో, పట్టనివాటిని వాటి పెట్టెల్లోనే తేమ ప్యాకెట్లు వేసి అల్మరాలో ఉంచాను. ఆయాసంతో బాధపడుతున్న మా అమ్మ ఈ మధ్య మా దగ్గరికి వచ్చింది. ఆమె మందులకు చోటు చేయడానికి నా భార్య అల్మరా సర్దుతూ, ఆరు పెట్టెల్లోని సిగార్లన్నీ మూత బిగుతుగా పట్టే ఒకే ప్లాస్టిక్ డబ్బాలో పోసేసింది. ఖాళీ పెట్టెలు అటక మీద పడేసింది. మా అమ్మాయి పుట్టిన ఏడాది కొన్నవాటిలో 9 మిగిలి ఉండేవి, అవీ కలిసిపోయాయి. కోపంతో గట్టిగా అరిచాను. 11 రోజులుగా ఆమె అవసరానికి మించి నాతో మాట్లాడడం లేదు. వీటన్నిటినీ మళ్లీ ఎలా సర్దుకోవాలి? వీటి విలువ ఆమెకు ఎలా తెలియజెప్పాలి?

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అమ్మగారి ఆయాసం, ఆమె మందుల కోసం మీ శ్రీమతి పడిన శ్రమ అందులో ఇలా వచ్చి అలా వెళ్లిపోయాయి. నా మనసు మాత్రం అక్కడే ఆగిపోయింది. ఆమె అల్మరా సర్దింది మీ తల్లి కోసం. అందుకు ఆమెకు దక్కింది అరుపు. ఈ 11 రోజుల మౌనం ఆ బాధ వల్లేనని నాకు అనిపిస్తోంది.

ఒకటి అడుగుతాను. ఏ పెట్టె ఎప్పటిదో, దేన్ని కదపకూడదో ఎక్కడైనా రాసి ఉంచారా? ఉంచి ఉంటే ఉత్తరంలో ఆ మాట తప్పకుండా చెప్పేవారు. పైగా ‘సుమారు 200’ అన్నారు, అంటే మీకే కచ్చితమైన సంఖ్య తెలియదు. లెక్కంతా మీ తలలో పెట్టుకుని, ఇంట్లో వాళ్లు దాన్ని గౌరవించాలని కోరుకున్నారు. అల్మరా తెరిచిన మనిషికి అక్కడ కనిపించింది ఆరు చెక్క పెట్టెలే.

కాబట్టి ముందు క్షమాపణ. సర్దుడు తరువాత. “అమ్మ కోసం నువ్వు చోటు చేశావు. నేను పెట్టెల గురించి అరిచాను. నాది తప్పు.” ఈ మూడు వాక్యాలు చాలు. వాటి వెనక ‘కానీ’ అని మొదలుపెట్టారంటే చెప్పినదంతా నీళ్లపాలవుతుంది. ఆమె వెంటనే కరగకపోవచ్చు. అప్పుడు బతిమాలకండి, మళ్లీ కోపం తెచ్చుకోకండి.

ఇక విలువ సంగతి. సిగార్ల ధర, వయసు, ఆకు నాణ్యత ఆమెకు వివరించనక్కరలేదు. మీ ఇష్టాన్ని ఆమె కూడా ఇష్టపడాలన్న నియమం ఏదీ లేదు. ఆ తొమ్మిదింటి కథ మాత్రం చెప్పండి. అమ్మాయి పుట్టినప్పుడు కొన్నారనీ, ఇన్నేళ్లు కాల్చకుండా దాచారనీ ఆమెకు తెలుసా? తెలియదనే నా అనుమానం. మీకు నిజంగా నొప్పి కలిగింది అక్కడ, మీరు అరిచింది మాత్రం పెట్టెల పేరు చెప్పి.

ఆ తొమ్మిదీ దొరికే అవకాశం ఉంది, ధైర్యంగా ఉండండి. వాటికి సెల్లోఫేన్ తొడుగు తీయకుండా ఉంచితే, పొగాకులోని నూనెలు ఏళ్ల తరబడి అంటుకుని ఆ తొడుగు పసుపు తిరుగుతుంది, ఇంకా పాతబడితే తేనె రంగులోకి వస్తుంది. నిరుడు కొన్నదాని తొడుగు తెల్లగా, గాజులా ఉంటుంది. పగటిపూట కిటికీ దగ్గర తెల్ల కాగితం పరిచి, ఒకే పేరున్నవాటిని పక్కపక్కన పేర్చండి. తేడా కంటికి తెలిసిపోతుంది.

సిగార్లు పాడయ్యాయేమోనన్న భయమూ వద్దు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో తేమ ప్యాకెట్ వేసి దాచుకునే సేకర్తలు చాలామంది ఉన్నారు. గాలి చొరనంత కాలం ఆ డబ్బా ఖరీదైన చెక్కపెట్టెకు ఏమీ తీసిపోదు. మీ శ్రీమతి తెలియకుండానే మంచి డబ్బా ఎంచుకున్నారు, ఆ మాట ఆమెతో అనండి. ప్యాకెట్లు అటక మీది పెట్టెల్లో ఉండిపోయి ఉంటే దించి చూడండి. గట్టిపడితే అవి ఎండిపోయినట్టు, కొత్తవి వేయాలి. పరిమళం కలిపిన సిగార్లు ఉంటే మాత్రం ఈరోజే వేరు చేయండి, వాటి వాసన పక్కవాటికి పడుతుంది.

వేరు చేసేటప్పుడు మొదట సిగార్ చుట్టూ ఉండే కాగితపు బ్యాండ్ మీది పేరు చూసి, తరువాత కొలతను బట్టి విడదీయండి. పొడవు అంగుళాల్లో, లావు అంగుళంలో 64వ వంతుల్లో చెబుతారు కదా. రోబస్టో అనే కొలత అయితే మామూలుగా 5 అంగుళాల పొడవు, 50 లావు. క్యూబా సిగార్లు ఉంటే ఖాళీ పెట్టెల అడుగున ఫ్యాక్టరీ సంకేతం, పెట్టెలో పెట్టిన నెల, సంవత్సరం ముద్ర వేసి ఉంటాయి. ఆ పెట్టెలు పారేయకముందే ఫోటో తీసుకోండి. ఎంత చూసినా తేలనివి కొన్ని మిగులుతాయి. వాటికి ‘తేదీ తెలియదు’ అని రాసి వదిలేయండి, ఆ బెంగను మళ్లీ ఆమె మీదికి తీసుకెళ్లకండి.

చేతిలోకి తీసుకున్న ప్రతిదాన్నీ పరిశీలించండి. పైపొర ఆకు మీద గుండుసూది తలంత గుండ్రని రంధ్రం, కింద సన్నని పొడి కనిపిస్తే పొగాకు పురుగు పట్టినట్టే. ఉష్ణోగ్రత 24, 25 డిగ్రీలు దాటితే దాని గుడ్లు పొదుగుతాయి. అలాంటివాటినీ, వాటితో ఉన్నవాటినీ ఒకదానిలో ఒకటి పెట్టిన రెండు సంచుల్లో గాలి చొరకుండా కట్టి మూడు రోజులు ఫ్రీజర్‌లో, తరువాత ఒక రోజు ఫ్రిజ్ కింది అరలో ఉంచి నెమ్మదిగా బయటికి తీయాలి. గబుక్కున వేడికి తెస్తే ఆకు పగులుతుంది. అది వంటింటి ఫ్రిజ్ కాబట్టి ముందుగా ఆమెను అడగండి.

లెక్క రాయడానికి యాప్‌లు ఉన్నాయి. నేను మాత్రం పెట్టెకొక అట్టముక్క అంటాను. పేరు, కొలత, వచ్చిన తేదీ, సంఖ్య. ఒకటి తీసిన ప్రతిసారీ సంఖ్య కొట్టేసి కొత్తది వేయండి. పెన్సిల్ కట్టి ఉంచితే బద్ధకం రాదు. ఫోనులో లెక్క మీకు మాత్రమే కనిపిస్తుంది, అట్టముక్కను మూత తెరిచిన ఎవరైనా చదవగలరు. కదపకూడని పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఆ మాటే రాయండి. రాసే పని పూర్తిగా మీదే, ఆమెను గుమాస్తాను చేయకండి. తొమ్మిదింటి అట్టముక్క ఒక్కటి ఆమె రాస్తానంటే మాత్రం సంతోషంగా ఇవ్వండి.

మొత్తం లెక్క తేలాక సంఖ్యతో పాటు ఇన్నేళ్లలో అయిన ఖర్చు కూడా ఆమెకు చెప్పండి. హ్యూమిడార్, ఆ డబ్బా నిండాక ఒకటి తగ్గితేనే ఇంకొకటి రావాలి.

చివరగా, మీరు అడగని విషయం ఒకటి. ఆయాసం ఉన్న పెద్దావిడ ఉన్న ఇంట్లో సిగార్ వెలిగించకూడదు. కిటికీ తెరిచినా, వేరే గదిలో కూర్చున్నా పొగ ఆవిడను చేరుతుంది, బట్టలను అంటుకుని కూడా వస్తుంది. పొగ లోపలికి పీల్చను కదా అనుకోకండి. పీల్చకపోయినా నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు ఉంటుంది. పెద్ద సిగార్ ఒక్కదానిలోనే ఒక సిగరెట్ ప్యాకెట్‌లో ఉన్నంత పొగాకు ఉండవచ్చు. నెలకు రెండు మూడు కూడా మానేసి, దాచుకోవడం వరకే ఉంచుకోగలరేమో నిజాయితీగా ఆలోచించండి. ఇది మీ శ్రీమతి ఎప్పటి నుంచో చెప్పాలనుకుంటున్న మాట కూడా కావచ్చు, అడిగి చూడండి.

డబ్బాకు వేరే చోటు వెతకండి. ఎండ తగలని, గోడ చల్లగా ఉండే మూల ఏదైనా సరిపోతుంది. అల్మరాలోని ఆ అర ఇక మీ అమ్మగారి మందులదే. దాన్ని తిరిగి అడగకండి.