సినిమా చూశాక మాంగా ఎక్కడి నుంచి?

ప్రశ్న: జపాన్ దర్శకుడు మియజాకి తీసిన యానిమేషన్ సినిమా ‘నౌసికా’ నాకు ప్రాణం. దాని మాంగా (జపాన్ కామిక్స్) కూడా చదవాలనుంది. కథ తెలిసిందే కదా, మూడో సంపుటి నుంచి మొదలుపెట్టొచ్చా?

జవాబు: వద్దండీ, మొదటి దాని నుంచే చదవండి. సినిమా 1984లో వచ్చింది. మాంగా 1982లో మొదలై 1994 దాకా సాగింది, మొత్తం 7 సంపుటాలు. సినిమాలో ఉన్నది సుమారు మొదటి రెండింటి కథే, అదీ బాగా మార్చి. డోరోక్ సామ్రాజ్యం సినిమాలో లేనే లేదు. మాంగాలో టోల్మెకియా రాజ్యం చేసే యుద్ధమంతా వాళ్లతోనే! మూడో సంపుటికి దూకితే ఎవరు ఎవరితో పోరాడుతున్నారో అంతుపట్టదు. టోల్మెకియా యువరాణి కుషానా అయితే పూర్తిగా వేరే మనిషి: సినిమాలోలా కృత్రిమ చెయ్యి ఉండదు, అన్నల కుట్రల మధ్య నలుగుతుంటుంది. నా దృష్టిలో మాంగాలో అందరికంటే గొప్ప పాత్ర ఆమెదే.

పేజీని కుడివైపు పైగడి నుంచి ఎడమకు చదవాలి. మాటల బుడగలకూ అదే వరస. ఇక్కడ తప్పితే జవాబు ముందు, ప్రశ్న తర్వాత వస్తాయి. గీతలు చాలా దట్టం కాబట్టి ఫోన్‌లో వద్దు, పెద్ద సైజు అచ్చు పుస్తకమే మేలు. ఒక్క కూర్చోవడంలో ఒక సంపుటికి మించి చదవకండి, పేర్లు కలిసిపోతాయి.