సోడాతో తుడిస్తే స్టవ్ వారంటీ పోతుందా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. దసరాకి అమలాపురంలో ఒక షాపులో మూడు బర్నర్ల గ్లాస్ టాప్ గ్యాస్ స్టవ్ 6,800 రూపాయలకు కొన్నాం. బిల్లు ఇవ్వలేదు, తెల్ల చీటీ మీద రేటు రాసిచ్చారు. డబ్బు మా వారి ఫోన్‌పే నుంచి కట్టాం. సంక్రాంతికి అరిసెలు వండుతుంటే పాకం పొంగి గాజు మీద పడి అంటుకుపోయింది. చల్లారాక వంటసోడా, వెనిగర్ వేసి తుడిచాను. పూర్తిగా ఊడలేదు. మర్నాడు మధ్యాహ్నం పప్పు కుక్కర్ పెట్టి ఉండగా గాజు ఢామ్మని పేలి వంటిల్లంతా చెదిరింది. మా ఆరేళ్ళ బాబు కాలు తెగి నాలుగు కుట్లు పడ్డాయి. షాపాయన "కంపెనీ లిక్విడ్ వాడకుండా ఇంట్లో సరుకులతో తుడిచారు కదండీ, వారంటీ పోయినట్టే" అంటున్నాడు. పైగా కార్డులో "గ్లాస్‌కు వారంటీ లేదు" అని ఉందట. కంపెనీ ఆఫీసేమో ఉత్తరాదిన ఎక్కడో ఉంది. గాజు ముక్కలు ఇంట్లో ఉంచకూడదని మా అత్తగారు చాలావరకు కాలవగట్టున పారబోయించారు, ఒక చేటడు మిగిలాయి. నిజం చెప్పాలంటే చివర్లో స్టీలు పీచుతో కూడా కాస్త రుద్దాను, ఆ మాట షాపులో చెప్పలేదు. మేం కేసు వేయొచ్చా? గ్యాస్ ఇన్సూరెన్స్ వస్తుందంటున్నారు, నిజమేనా?

జవాబు: అమ్మా, షాపులో చెప్పని మాట నాకు రాశారు కదా, దాంతోనే మీ పని సగం తేలికైంది. ఆ పీచు సంగతి కాసేపట్లో చూద్దాం.

ముందు షాపాయన వాదన. ఇంట్లో సరుకులతో తుడిస్తే వారంటీ పోతుందని ఏ చట్టంలోనూ లేదు. కంపెనీ మిమ్మల్ని కాదనాలంటే రెండు చూపించాలి. ఫలానా దానితో తుడవొద్దని మీకు ముందే చెప్పి ఉండాలి, గాజు పగిలింది దానివల్లేనని తేలాలి. స్టవ్‌తో వచ్చిన పుస్తకం బయటికి తీయండి. అందులో "చల్లారాక మెత్తటి గుడ్డతో తుడవాలి" అని మాత్రమే ఉండి సోడా ఊసే లేకపోతే ఆయన మాట గాలి మాట. అసలు సోడా గాజు కంటే మెత్తన, దాన్ని గీయలేదు. వెనిగర్ గాజును తినేసేంత ఘాటైన ఆమ్లం కాదు. రెండూ కలిపితే బుసబుస పొంగి ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి తప్ప గాజును ఏమీ చేయవు. (పాకానికి అవి రెండూ అక్కర్లేదు కూడా. బెల్లం నీళ్ళలో కరిగిపోయేదే కదా. స్టవ్ బాగా చల్లారాక గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డను అరగంట దాని మీద పరిచి ఉంచితే దానంతటదే ఊడొస్తుంది. మా ఇంట్లో ఇది తెలుసుకునేసరికి రెండు సంక్రాంతులు గడిచాయి. వెనిగర్‌తో బ్లీచింగ్ మాత్రం ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.) "లిక్విడ్ సీసా కొంటేనే వారంటీ" అని కార్డులో నిజంగానే రాసి ఉంటే ఆ కాగితం భద్రంగా దాచండి. ఒక సరుకు కోసం ఇంకో సరుకు కొని తీరాలనడం నియంత్రిత వాణిజ్య విధానమని వాదించే దారి ఒకటుంది.

ఇప్పుడు పీచు. స్టవ్‌ల మీద ఉండేది టఫెన్డ్ గ్లాస్. దాన్ని కాల్చి, వెంటనే చల్లార్చి తయారుచేస్తారు. అందువల్ల పైపొర బిగుసుకుని ఉంటుంది, లోపలి పొర సాగదీసినట్టు ఉంటుంది. స్టీలు పీచు గానీ, దానిలో ఇరుక్కున్న ఇసుక రేణువు గానీ పైపొరలో లోతుగా గీత పెడితే గాజు అప్పుడే పేలదు. మర్నాడు వేడి తగిలినప్పుడు పేలొచ్చు. కంపెనీ వకీలు పట్టుకునేది ఇదే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 87 ఆయన చేతికి ఆయుధం ఇస్తుంది. వస్తువును తప్పుగా వాడితే అమ్మకందారుపై ఉత్పత్తి బాధ్యత కేసు (సరుకు వల్ల కలిగిన హానికి పరిహారం అడిగే కేసు) కుదరదని అందులో ఉంది. తన సరుకు తానే అమ్మే ఉత్పత్తిదారు కూడా చట్టం లెక్కలో అమ్మకందారే. అందరికీ తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించలేదని ఉత్పత్తిదారును నిందించకూడదని కూడా ఉంది. మీకు ఆసరా సెక్షన్ 84. సరుకును సరిగ్గా ఎలా వాడాలో తగిన సూచనలు ఇవ్వకపోయినా, తప్పుగా వాడితే ఏమవుతుందో హెచ్చరించకపోయినా ఉత్పత్తిదారుదే బాధ్యత. మన వంటిళ్ళలో గిన్నె అంటుకుంటే చెయ్యి ముందుగా పీచు మీదికే పోతుంది. ఆ సంగతి తెలిసి కూడా "పీచు వాడితే గాజు పేలుతుంది" అని తెలుగులో ఒక్క ముక్క రాయకపోతే ఆ సూచనలు తగినవెలా అవుతాయి? నేనైతే ఈ పాయింటు మీదే వాదిస్తాను. గెలుపు ఖాయమని మాత్రం చెప్పను. పుస్తకంలో గరుకు పీచు వాడొద్దని స్పష్టంగా ఉంటే మీ కేసు బలం బాగా తగ్గుతుంది.

ఇంకొకటి, మీరు రాయలేదు గానీ అరిసెలంటే పెద్ద మూకుడు ఉండే ఉంటుంది. బర్నరు దాటి బయటికి వచ్చే వెడల్పాటి గిన్నె గంటల తరబడి పెడితే మంట వేడి కింద గాజు మీదికి కొడుతుంది. అవతలివాళ్ళు దీన్నీ లాగుతారు. గిన్నె సైజు గురించి పుస్తకంలో ఏమైనా ఉందేమో చూడండి.

మరి తప్పు కంపెనీదని చూపించేదేమిటి? ఆ చేటడు ముక్కలే. టఫెన్డ్ గ్లాస్ పేలితే పటిక ముక్కల్లా చిన్న చిన్న మొద్దు పలుకులవుతుంది. మీ చేటలో కత్తుల్లాంటి పొడుగాటి పెంకులుంటే అది సరైన టఫెన్డ్ గ్లాసేనా అన్న అనుమానం గట్టిగా వస్తుంది. పిల్లాడికి నాలుగు కుట్లు పడ్డాయన్నారు కాబట్టి నాకు ఆ అనుమానం కొంచెం ఉంది. పలుకులు కూడా చర్మం కోయగలవు కనుక ఇప్పుడే తేల్చను. గాజులో తయారీ సమయంలోనే చిక్కుకున్న నికెల్ సల్ఫైడ్ రేణువు వల్ల ఎవరూ ముట్టుకోకుండానే నెలల తర్వాత పేలిన గాజులు కూడా ఉన్నాయి. అది తయారీ లోపం. ఇవన్నీ కంటితో తేలేవి కావు. సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషన్ (కన్స్యూమర్ కోర్టు) నమూనాను లేబొరేటరీకి పంపించగలదు, పరీక్ష ఫీజు ముందు మిమ్మల్నే కట్టమనొచ్చు. లోపం ఉందని రుజువు చేసే బరువు ఫిర్యాదు చేసినవాళ్ళదేనని సుప్రీం కోర్టు 2021లో సేవాలోపం కేసొకటి తీర్పిస్తూ చెప్పింది. మీ స్టవ్ కేసులోనూ అవతలివాళ్ళు ఆ మాట ఎత్తుతారు. కాబట్టి చేటలో ముక్కలు కడగకండి, ఒక డబ్బాలో పోసి మూతకు కాగితం అంటించి తేదీ వేయండి. ఫ్రేము, బర్నర్లు, ఆ పాత పీచు కూడా ఉంచండి. పీచు దాచమంటే నవ్వుకుంటారేమో, అది గాజును గీసేంత గరుకుది కాదని తేలితే మీకే లాభం.

ఫ్రేము మీద ఐఎస్ఐ మార్కు ఉందా, దాని కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉందా చూడండి. గ్యాస్ స్టవ్‌లకు వర్తించే ప్రమాణం ఐఎస్ 4246. ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరి పేరు మీదుందో, ఇంకా చెల్లుతోందో లేదో వస్తుంది. మార్కు దొంగదైతే మిగతా వాదనంతా పక్కన పెట్టి అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

కార్డులోని "గ్లాస్‌కు వారంటీ లేదు" అన్న ముక్క. వారంటీ అంటే కంపెనీ తనంతట తాను ఇచ్చే హామీ. అది లేకపోయినా లోపమున్న సరుకు అమ్మితే జవాబు చెప్పాల్సిందే. సరుకు అమ్మదగ్గ నాణ్యతతో ఉండాలన్న షరతు 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలో అంతర్లీనంగా ఉంది. ఇద్దరూ ఒప్పుకుంటే దాన్ని తప్పించొచ్చు, నిజమే. కానీ మీరు కొన్నప్పుడు ఆ కార్డు సీలు వేసిన డబ్బాలో ఉంది కదా! డబ్బు కట్టాక ఇంటికెళ్ళి చూసిన షరతుకు మీరు ఎప్పుడు ఒప్పుకున్నారని నేను అడుగుతాను.

బిల్లు లేదని టెన్షన్ పడకండి. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార విధానాల్లో ఒకటని వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది, అది షాపువాడి తప్పే. తెల్ల చీటీ, ఫోన్‌పే చెల్లింపు వివరం, బ్యాంకు స్టేట్‌మెంటు, షాపాయనతో జరిగిన వాట్సాప్ సంభాషణ ఉంటే చాలు. ఫోనులోని వాటిని ప్రింటు తీసి ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జత చేయండి, తర్వాత అభ్యంతరం రాదు.

షాపును, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. షాపుపై ఉత్పత్తి బాధ్యత ఎప్పుడు పడుతుందో సెక్షన్ 86 చెబుతుంది. షాపు కుర్రాడే ఇంటికొచ్చి స్టవ్ బిగించి, దాన్లో నిర్లక్ష్యం చేసి ఉంటే అది ఒక సందర్భం. తయారీదారు ఎవరో తెలియకపోవడం, నోటీసు అందించలేకపోవడం ఇంకో సందర్భం.

మీ కేసులో అడగాల్సినవి రెండు రకాలు, వాటిని కలిపేయొద్దు. స్టవ్ డబ్బు 6,800 లోపమున్న సరుకు కింద వస్తుంది. బాబు గాయం ఉత్పత్తి బాధ్యత కింద వస్తుంది. ఉత్పత్తి బాధ్యతలో "హాని" అన్న మాటకు చట్టం ఇచ్చిన అర్థంలో సరుకుకు కలిగిన నష్టం చేరదు. అందుకే స్టవ్ ఖరీదును ఆ పద్దులో అడిగితే కొట్టేస్తారు. రెండూ ఒకే ఫిర్యాదులో విడివిడి పేరాల్లో రాయొచ్చు. పిల్లాడు మైనరు గనక అతని తరఫున తల్లిగా మీరే వేయొచ్చు. ఆసుపత్రి చీటీలు, మందుల బిల్లులు, కుట్లతో ఉన్న ఫొటో తేదీలతో సహా పెట్టండి. 20 లక్షలు, 30 లక్షలు అడగమని పక్కవాళ్ళు ఎగదోస్తారు, వినకండి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రంలా ఉంటే కమిషన్‌కు మీ మిగతా మాట మీద కూడా నమ్మకం తగ్గుతుంది. స్టవ్ ధర, వైద్యం ఖర్చు, మీరు పడ్డ బాధకు సబబైన మొత్తం, కేసు ఖర్చులు, వడ్డీ చాలు.

ఇక కంపెనీ ఉత్తరాదిన ఉందన్న భయం. 2019 చట్టంలో నాకు బాగా నచ్చిన మార్పు ఇదే. ఫిర్యాదుదారు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చని సెక్షన్ 34 అంటోంది. కార్డులో "ఫలానా నగరం కోర్టులకే అధికారం" అని ఉన్నా వెనక్కి తగ్గకండి. వాళ్ళే రాజోలు వైపు రావాలి గానీ మీరు వెళ్ళక్కర్లేదు. 2022లో జిల్లాలు విడిపోయాక కోనసీమ వాళ్ళు పాత అలవాటుగా కాకినాడో రాజమండ్రో అనుకుంటూ తిరుగుతున్నారు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో వేస్తే ఆ తిరుగుడు తప్పుతుంది. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు (నేను ఈ మాట చెప్పకూడదేమో). అడిగితే వీడియోలో వాదనలు వినే వీలు కూడా ఉంది.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. కంపెనీలు అక్కడే దిగి రావడం నేను చాలాసార్లు చూశాను. దిగి రాకపోతే ఇద్దరికీ నోటీసు పంపి 15 రోజుల గడువివ్వండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కనుక స్పీడ్ పోస్టే వాడి డెలివరీ అయిన రుజువు ఉంచుకోండి. పేలిన రోజు నుంచి రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయాలి. మూడు నెలల్లో, పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ ఆ లెక్కన ఊహలు పెంచుకోకండి. మధ్యలో రాజీకి పిలిస్తే వెళ్ళండి. స్టవ్ డబ్బు, వైద్యం ఖర్చు రెండూ ఇస్తామంటే ఒప్పుకోవడమే మంచిదని నా సలహా.

ఫిర్యాదులో, అఫిడవిట్‌లో పీచు సంగతి దాచకండి. ప్రమాణం చేసి చెప్పేది అబద్ధమని బయటపడితే సోడా గురించి మీరు చెప్పే నిజం కూడా నిలవదు. "పాకం ఊడక కొద్దిగా రుద్దాను, వాడొద్దని ఎక్కడా రాయలేదు" అని మీరే ముందు రాస్తే అవతలి వకీలుకు అడగడానికి పెద్దగా ఏమీ మిగలదు.

గ్యాస్ ఇన్సూరెన్స్ మాట వదిలేయండి. ఆయిల్ కంపెనీలు తీసుకునే పాలసీ గ్యాస్ అసలు కారణమైన ప్రమాదాలకు వర్తిస్తుంది. మీ దగ్గర పేలింది గాజు. పేలినప్పుడు గ్యాస్ లీకై మంట వచ్చి ఉంటే సంగతి వేరు, అప్పుడు మీ డీలరుకు వెంటనే రాతపూర్వకంగా చెప్పాలి. లీక్ అనుమానం ఉంటే నంబరు 1906.

మీ అత్తగారు కాలవగట్టున పారబోయించిన ముక్కలు ఎవరైనా రేవులోకి దిగేవాళ్ళ కాలికి గుచ్చుకోకముందే ఏరించండి. పెద్ద పెంకులేవైనా దొరికితే అవీ ఆ డబ్బాలోనే వేయండి.