కాలేజీలో చేరేముందు ల్యాబు తలుపు తీసి చూడు

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

ప్లస్ టూలో మంచి మార్కులు వచ్చాయని మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు నా కడుపు నిండిపోయింది. ఆ వెంటనే ఇంకో మాట చెప్పింది. ఎవరో ఏజెంటు గుణుపురంలో మీ ఇంటికొచ్చి రంగుల పుస్తకం చేతిలో పెట్టి, వారంలోగా పాతిక వేలు కడితే ఇంజనీరింగ్ సీటు ఖాయం అన్నాడట. అప్పట్నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. నేను వచ్చేదాకా ఎవరికీ ఒక్క రూపాయి కట్టొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

మీ బావకి జరిగింది నీకు తెలీదు, అప్పటికి నువ్వు పాకుతున్నావు. ఒక ప్రైవేటు కాలేజీలో చేర్చాం, ఒరిజినల్స్ అన్నీ ఆఫీసులో ఇచ్చేశాం. మూడు వారాల్లో ప్రభుత్వ కాలేజీలో సీటొచ్చింది. సర్టిఫికెట్లు తిరిగి ఇమ్మంటే నాలుగేళ్ల ఫీజూ కట్టి తీసుకెళ్లమన్నారు. నాలుగుసార్లు తిరిగాను. ఈలోగా అక్కడ చేరాల్సిన గడువు దాటిపోయింది. ఆ రోజు కాలేజీ గేటు ఎదురుగా టీకొట్టు బెంచీ మీద వాడు తల ఎత్తకుండా కూర్చున్నాడు, టీ చల్లారిపోయింది. అది ఇప్పటికీ నా కళ్లలోంచి పోలేదు. 2018లో యు.జి.సి., అంటే యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ, గట్టిగా చెప్పింది: సర్టిఫికెట్లు చూసి సరిపోల్చుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదు. ఆ నియమాల్లోనే ఫీజు సంగతీ ఉంది. చేరికల ఆఖరి తేదీకి పదిహేను రోజుల ముందు మానుకుంటే, ఖర్చుల కింద పట్టుకునే కొద్ది మొత్తం తప్ప కట్టిందంతా వెనక్కి రావాలి. అక్కణ్నుంచి తగ్గుతూ వచ్చి, ఆఖరి తేదీ దాటిన నెలకి ఇక ఏమీ రాదు. ఎవరైనా దబాయిస్తే ఈ సంగతి తెలిసినట్టు మాట్లాడు, చాలు.

ఇక ఏ గట్టున చదవాలన్నది. మన సరిహద్దు వాళ్లకి ఇది పెద్ద చిక్కు. ఇక్కడ పర్లాకిమిడి ఒడిశా, మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, ఆంధ్ర. మనకి రెండూ ఒకటే ఊరు, కాగితాలకి మాత్రం కాదు. ఆంధ్రలో సీట్లు 85 శాతం లోకల్ వాళ్లకి. లోకల్ అనిపించుకోవాలంటే ప్లస్ టూతో కలిపి ఆఖరి నాలుగేళ్లూ అక్కడే చదివుండాలి. నువ్వు మొదట్నుంచీ గుణుపురంలోనే చదివావు కాబట్టి నాన్‌లోకల్‌వి. మిగిలిన 15 శాతంలో పోటీ పడొచ్చు, అయితే అమ్మానాన్నల్లో ఒకరు ఆంధ్రలో మొత్తం పదేళ్లు ఉన్నట్టు రుజువు కావాలి. మీ అమ్మ పెళ్లయ్యేదాకా పాతపట్నంలోనే పెరిగింది. ఆ పత్రం కోసం తహసీల్దారు ఆఫీసులో నేను అడుగుతాను. కులం సర్టిఫికెట్టు మాత్రం నది దాటదు. ఒడిశాలో ఉన్న రిజర్వేషన్ ఆంధ్రలో పనికిరాదు. ఇంకోటి, రేపు ఒడిశా ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే ఒడియా రాయడం, చదవడం, మాట్లాడడం రావాలి, ఏడో తరగతి స్థాయిలోనైనా ఒడియా పాసై ఉండాలి. నీకది ఉంది. విశాఖ వైపు పోదామనే ఉబలాటంలో దాన్ని తక్కువ చెయ్యకు.

అసలు నీకు ఇంజనీరింగ్ కావాలా? మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు గంటలు నాతో కెమిస్ట్రీ గురించే మాట్లాడావు. కంప్యూటర్ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. వీధిలో అందరూ సీఎస్ఈ అంటున్నారు కదా అని నువ్వూ అనకు. బరంపురంలో ప్రభుత్వ కాలేజీలో డిగ్రీ చదివి, బాగా కష్టపడి జామ్ పరీక్ష రాస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీ చదవొచ్చు. లేదంటే అక్కడే భంజవిహార్‌లో యూనివర్సిటీ ఉంది, అది 1967 నాటిది. కాదు మామయ్యా, ఇంజనీరింగే అన్నావనుకో, నేను అడ్డుపడను. ఒడిశాలో బీటెక్ సీట్లు జేఈఈ మెయిన్ ర్యాంకుతో కౌన్సెలింగ్‌లో ఇస్తారు, ఏజెంటు చేతి సంచీలోంచి కాదు. డిగ్రీకైతే ప్లస్ టూకి నింపినట్టే సామ్స్‌లో, అదే ఒడిశా ప్రభుత్వ ఆన్‌లైన్ అడ్మిషన్ల సైటులో, ఫారం నింపాలి. అక్కడ కాలేజీల వరస నీకు ఇష్టమైన వరసే కావాలి. దొరుకుతుందో లేదో అని భయపడి చిన్నదాన్ని పైన పెట్టావంటే అదే వస్తుంది, ఆ తర్వాత ఏడ్చి లాభం లేదు.

బరంపురంలో ముప్పై ఒక్క ఏళ్లు కెమిస్ట్రీ ల్యాబులో పనిచేశాను. నాకు కాలేజీ మంచిచెడ్డలు ప్రిన్సిపాల్ గదిలో కాదు, ల్యాబులో తెలుస్తాయి. నువ్వూ అలాగే చూడు. మామూలు పనిదినాన, పదకొండింటికి వెళ్లు. ఉత్సవాల రోజున వెళ్లకు, ఆ రోజు అన్నీ తళతళలాడతాయి. యాసిడ్ సీసాల లేబుళ్లు చూడు. రోజూ వాడే సీసా లేబుల్ అంచులు గోధుమరంగు తిరిగి, కొంచెం తినేసినట్టు ఉంటుంది. ఏడాది పొడవునా కొత్తగా మెరుస్తోందంటే మూత తియ్యలేదని అర్థం. బ్యూరెట్, అంటే చుక్కచుక్కగా కొలిచి వదిలే గాజు గొట్టం, కింద ఉండే మర చేత్తో తిప్పి చూడు. బిగుసుకుపోయి ఉంటే పిల్లలు లెక్కలు ఇంటి దగ్గరే వేసుకుని రికార్డులో రాసేస్తున్నారన్నమాట. లైబ్రరీకి వెళ్లి ఏదో ఒక పుస్తకం తీసి చివరి అట్ట తిప్పు. అక్కడ అతికించిన కాగితం మీద ఆఖరి తేదీ ఏ ఏడాదిదో చూడు.

తర్వాత ఫైనలియర్ అమ్మాయిల దగ్గర కూర్చో. వార్డెన్ పక్కన ఉండగా కాదు, మెస్సులో అన్నం తినేటప్పుడు. క్లాసులు నిజంగా జరుగుతాయా, పరీక్షల ఫలితాలు ఎన్ని నెలలకి వస్తాయి, రాత్రి ఎనిమిదింటికి నీళ్లు వస్తాయా, బాత్రూం గడియలు పడతాయా. సిగ్గుపడకుండా అన్నీ అడుగు. ఉద్యోగాల గురించి పుస్తకంలో వేసిన ఫొటోలు నమ్మకు. అందరికన్నా ఎక్కువ జీతం ఎంతని కాదు, నీ బ్రాంచిలో నిరుడు ఎంతమంది పాసయ్యారు, వాళ్లలో ఎంతమంది ఉద్యోగంలో చేరారు, మధ్యరకంగా చదివినవాళ్లకి ఎంత వస్తోంది అని అడుగు. కాలేజీ నాణ్యతకి ఇచ్చే న్యాక్ గ్రేడు ఎప్పటిదో కూడా చూడు. పాతబడిన గ్రేడును గోడ మీద అలాగే ఉంచేవాళ్లున్నారు. ఇంజనీరింగ్ లాంటి కోర్సుల నాణ్యత చూసి ఇచ్చే ఎన్.బి.ఏ. గుర్తింపు కాలేజీ మొత్తానికి కాదు, బ్రాంచి బ్రాంచికీ వేరు. నువ్వు చేరే బ్రాంచికి ఉందా అన్నది ప్రశ్న.

చేరాక సంగతి ఇంకా ముఖ్యం, అమ్మలూ. ఒక అమ్మాయి గురించి చెబుతాను. కాశీనగరం వైపు పల్లె నుంచి వచ్చింది, ఒడియా తడబడేది, ఇంగ్లీషు అసలు రాదు. బ్యూరెట్ నుంచి చుక్కచుక్కగా వదిలి కొలిచే టైట్రేషన్‌లో ఫ్లాస్కులో నీళ్లు లేత గులాబీ రంగు తిరగ్గానే ఆపాలి కదా, ఆ పిల్ల ఒక్క చుక్క ఎక్కువ వదిలేసేది, ముదురు గులాబీ వచ్చేది. పక్కవాళ్లు దగ్గరగా ఉన్న అంకె రాసేసి వెళ్లిపోయేవారు. తను మాత్రం పారబోసి, ఫ్లాస్కు కడిగి, మళ్లీ మొదలెట్టేది. నాలుగున్నరకి నేను తాళాలు పట్టుకుని నిలబడితే, "ఇంకొక్కసారి సార్" అనేది. మూడుసార్లూ ఒకే అంకె వచ్చిన రోజున రికార్డు పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. ఇప్పుడు విశాఖలో మందుల కంపెనీలో నాణ్యత చూసే విభాగంలో పనిచేస్తోంది, మీ అత్తయ్యకి ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. ఆ పిల్లకి నేను చేసిందల్లా పది నిమిషాలు ఆలస్యంగా తాళం వెయ్యడమే. అలా అడిగేవాళ్లు బ్యాచికి ఇద్దరో ముగ్గురో ఉండేవారు. నువ్వు వాళ్లలో ఉండాలి.

ప్రాక్టికల్‌లో పక్క అబ్బాయి బ్యూరెట్ పట్టుకుంటే నువ్వు అంకెలు రాస్తూ కూర్చోకు. క్లాసులో అర్థం కానిది బయటికొచ్చాక లెక్చరర్ని అడుగు. విసుక్కున్నా మర్నాడు మళ్లీ అడుగు. పాఠం సరిగ్గా చెప్పేవాళ్లు లేకపోతే ఎన్‌పీటీఈఎల్ అనే వెబ్‌సైట్లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. సర్టిఫికెట్టు కావాలంటేనే పరీక్ష ఫీజు. హాస్టల్లో మన తెలుగు పిల్లలంతా ఒకే గదిలో గుంపుగా చేరతారు, నేను ఏళ్లుగా చూశాను. నువ్వు కటక్ అమ్మాయితోనో, కొరాపుట్ అమ్మాయితోనో గది పంచుకో. రెండు భాషలు ధారాళంగా వచ్చినవాళ్లకి ఈ ప్రాంతంలో ఎక్కడైనా గౌరవముంటుంది. ఈ పర్లాకిమిడిలోనే రాజావారి బళ్లో పంతులుగా పనిచేస్తూ గిడుగు రామమూర్తి గారు ప్రైవేటుగా బి.ఏ. చదివారు. కొండ మీది సవరల భాష వాళ్ల దగ్గరే నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం రాశారు. ఆయన దగ్గర పెద్ద యూనివర్సిటీ లేదు, కొండా, మనుషులూ ఉన్నారు. గుణుపురం సంతలో నీకూ సవర మాటలు వినబడుతూనే ఉంటాయి కదా.

సోమవారం నువ్వు గుణుపురంలో పొద్దున బండెక్కు, నేను పర్లాకిమిడి స్టేషన్లో ఎక్కుతాను. పలాసలో దిగి బరంపురం బండి పట్టుకుందాం. జిరాక్సులు మూడు సెట్లు తీయించు. ఒరిజినల్స్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి నీ సంచీలోనే ఉంచుకో, సంచీ ఒళ్లో పెట్టుకో. ఆ ఏజెంటు మళ్లీ వస్తే నా నంబరు ఇవ్వమని మీ నాన్నగారితో చెప్పు. మీ అత్తయ్య పులిహోర కట్టిస్తానంది, అమ్మని ఏమీ వండొద్దను.

మీ మామయ్య