రెండు పోస్టులూ నిజమే కావచ్చు, ముందు తేదీ చూడండి

తేదీ కత్తిరించేయడం వల్లే ఈ గందరగోళం. "గాజా తీర్మానానికి భారత్ ఓటేసింది", "భారత్ తటస్థంగా ఉండిపోయింది" అని మీకొచ్చిన రెండు ఫార్వర్డుల్లో ఏదీ ఫేక్ కాకపోవచ్చు. అవి ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీలో జరిగిన వేర్వేరు ఓటింగులు.

1. ఓటింగ్ బోర్డు ఫొటోలో అంకెలు చూడండి: వరసగా అనుకూలం, వ్యతిరేకం, తటస్థం. 153–10–23 ఉంటే 2023 డిసెంబర్ 12, కాల్పుల విరమణ తీర్మానం. భారత్ అనుకూలం. 124–14–43 ఉంటే 2024 సెప్టెంబర్ 18. భారత్ తటస్థం.

2. అందరూ వదిలేసేది ఇదే: సవరణల మీద ఓటు, ఓటు తర్వాత ప్రతినిధి ఇచ్చే వివరణ. 2023 అక్టోబర్ 27న భారత్ ప్రధాన తీర్మానంపై తటస్థంగా ఉంది. అదే రోజు, హమాస్ దాడిని ఖండించాలన్న కెనడా సవరణకు మాత్రం ఓటేసింది. మూడింట రెండు వంతుల మద్దతు రాక ఆ సవరణ వీగిపోయింది. ఈ ముక్క తీసేస్తే ఇటువాళ్లకీ అటువాళ్లకీ కావలసిన కథ రెడీ! ఐక్యరాజ్యసమితి ఆ రోజు ఇచ్చిన ప్రెస్ రిలీజ్ మొత్తం చదవండి, హెడ్డింగ్ దగ్గరే ఆగకండి.

3. "ఐక్యరాజ్యసమితి ఆదేశించింది" అని ఉంటే అనుమానించండి. జనరల్ అసెంబ్లీ చేసే ఇలాంటి తీర్మానాలకు దేశాలు చట్టబద్ధంగా కట్టుబడాల్సిన పని లేదు.